మంచం కింద కమలిని

"మేడమ్, కమలిని మంచం కింద ఎంతసేపు ఉండి ఉంటుంది?"

తొమ్మిదో తరగతి, ఆఖరి బెంచీ. అప్పటికి బోర్డు మీద నా ప్రశ్న: 'దిద్దుబాటు' కథలోని నీతి ఏమిటి? గైడు చూసి రాసినట్టు అందరిదీ ఒకటే జవాబు.

బోర్డు తుడిచేశాను. రాత్రుళ్ళు ఆలస్యంగా ఇంటికొచ్చే మొగుడు గోపాలరావుకి బుద్ధి చెప్పాలని, వెళ్ళిపోతున్నానని ఉత్తరం రాసిపెట్టి కమలిని మంచం కింద దాక్కునే కథ అది. 1910 నాటి ఆ గురజాడ కథ మీద ఇవాళ ఒకటే గోల! నౌకరు రాముడికి ముందే తెలుసా? ఉత్తరం రాస్తూ ఆమె ఏడ్చిందా, నవ్వుకుందా? "గోపాలరావు నిజంగా మారాడా, ఆ రాత్రి వరకేనా మేడమ్?" అని ఒకమ్మాయి. నాకూ తెలీదనే చెప్పాను.

మెట్రోలో ఎల్బీనగర్ దాకా నిలబడే వచ్చాను. చీకట్లో, నేల మీద, ఊపిరి బిగబట్టి మొగుడి మాటలు వింటూ ఆవిడ. ఇన్నేళ్ళుగా ఈ కథ చెప్తున్నాను, ఒక్కసారైనా వంగి ఆ మంచం కిందికి చూడలేదు.