రంపం పెట్టకుండా కట్టిన ఓడ

1880లో నార్వేలో గోక్‌స్టాడ్ అనే సమాధి దిబ్బను తవ్వితే బయటపడిన వైకింగ్‌ల (వెయ్యేళ్ల కిందటి ఉత్తర ఐరోపా సముద్రయాత్రికుల) ఓడ పొడవు దాదాపు 24 మీటర్లు, వెడల్పు 5 మీటర్ల పైచిలుకు. దాని పలకలు రంపంతో కోసినవి కావు. పచ్చి ఓక్ దుంగను చీలలు కొట్టి, నిమ్మకాయ బద్దలు తీసినట్టు నడిమధ్య నుంచి చీల్చుకుంటూ పోయి, గొడ్డలితో చెక్కేవారు. రంపం చెక్కలోని పోగును ఎక్కడపడితే అక్కడ తెంపేస్తుంది. చీల్చిన పలకలో పోగు ఈ కొస నుంచి ఆ కొస దాకా నిలుస్తుంది. అందుకే సన్నగా చెక్కినా వంచితే విరగదు, ఎండినా పెద్దగా మెలిపడదు.

పై పలక అంచును కింది పలక మీదికి ఎక్కించి, ముందు బెజ్జం వేసి, ఇనుప రివెట్ (రెండు పలకలను కలిపి పట్టే మేకు) దించి, లోపలివైపు చిన్న ఇనుప బిళ్ల తొడిగి మొన అణగ్గొట్టాలి. బెజ్జం లేకుండా కొడితే పలక పగులుతుంది. సందులో తారు పట్టించిన జంతువుల వెంట్రుకల పోచ ఉంటుంది. అది పలక బిగించాక కూరేది కాదు, బిగించకముందే పరిచేది. చాలామంది ఇక్కడే పొరబడతారు.

అసలు తెలివంతా అడుగు భాగంలో ఉంది. కింది పలకలను ఓడ లోపలి పక్కటెముకల్లాంటి వంపు దూలాలకు మేకులతో కాక కట్లతో బిగించారు. అలను ఎదిరించకుండా ఓడే కాస్త ఒంగుతుంది. 1893లో నార్వే నావికుడు మాగ్నస్ ఆండర్సన్ దీని నమూనా ఓడలో నార్వేలోని బెర్గెన్ నుంచి అట్లాంటిక్ దాటినప్పుడు పై అంచు 15 సెంటీమీటర్ల దాకా మెలితిరిగింది. అయినా లోపలికి నీళ్లు కారలేదు.