పోలి కథలో బుట్ట

కార్తీక అమావాస్య వెళ్లిన తెల్లారి, మార్గశిర శుద్ధ పాడ్యమి నాడు, కోనసీమ కాలవ రేవులు చీకటుండగానే నిండిపోతాయి. అరటి దొప్పల్లో వత్తులు వెలిగించి వదిలి, చేత్తో నీళ్లు ముందుకు తోస్తారు. నెలంతా దీపం పెట్టడం కుదరనివాళ్లు ఆ ఒక్కరోజే 30 వత్తులు వెలిగిస్తారు. తర్వాత అక్షింతలు పట్టుకుని పోలి కథ వింటారు.

కథ తెలిసిందే. అత్తగారు పెద్ద కోడళ్లతో నదికి పోతూ, చిన్నకోడలు పోలికి దీపం సరంజామా ఏదీ మిగల్చదు. పోలి పెరట్లో రాలిన పత్తి ఏరి వత్తి చేస్తుంది. కవ్వానికి అంటిన వెన్న రాసి వెలిగిస్తుంది. ఎవరి కంటా పడకుండా బుట్ట బోర్లిస్తుంది. నెలాఖరున విమానం పోలి కోసం దిగుతుంది. అత్తగారు, తోడికోడళ్లు ఆమె కాళ్లు పట్టుకుని వేలాడబోతే దేవదూతలు దించేస్తారు. రేవులో నవ్వులు వినిపించేది ఇక్కడే. ఎవరికి ఏ అత్తగారు గుర్తొస్తారో మనకెందుకు!

గీత తొమ్మిదో అధ్యాయం 26వ శ్లోకం, ‘పత్రం పుష్పం ఫలం తోయం’ చెప్పేదీ ఇదే. ఆకో పువ్వో నీళ్లో, భక్తితో ఇస్తే స్వామి స్వీకరిస్తాడు. కానీ చదువు రానివాళ్ల ముందు ప్రతిపదార్థంతో మొదలుపెడితే, దణ్ణం పెట్టి ‘మంచి మాటలు చెప్పారు’ అని లేచిపోతారు. ‘భక్తి అంటే ఏమిటమ్మా?’ అంటే నీళ్లు నములుతారు. ‘విమానం పోలికే ఎందుకొచ్చింది?’ అనండి, అత్తగారి తప్పుతో సహా విడమరిచి చెప్తారు.

రాసి పెట్టుకోనివాళ్లకి మాట నిలవాలంటే పట్టుకోడానికి ఏదో ఒకటుండాలి. పత్తి, కవ్వం, బుట్ట అందుకే ఉన్నాయి. కోడళ్లెంతమందన్నది ఊరికో లెక్క, ఎవరూ పట్టించుకోరు. బుట్ట మర్చిపోతే మాత్రం పక్కావిడ ఊరుకోదు. దేవుడు చూసింది దాచిన దీపాన్ని కదా! ‘కథ లోపమైనా వ్రతలోపం కాకూడదు’ అని నోముల కథల చివర చేర్చిన పెద్దలకి, నోటితో చెప్పేటప్పుడు తడబాటు తప్పదని తెలుసు.

ఇప్పుడు చిక్కల్లా కవ్వంతోనే. పాకెట్ పాలు, మిక్సీ చూసి పెరిగిన పిల్లలకి అదేమిటో తెలీదు. పోనీ నెయ్యి డబ్బా అని మార్చి చెబుదామంటే నాకు మనసొప్పదు. ఇంట్లో నెయ్యి డబ్బా ఉంటే పోలికి కష్టమేముంది? అటక మీది కవ్వం దించి, పిల్లల చేత మజ్జిగ చిలికించి, దానికి అంటుకునే వెన్న ఎంతో చూడనివ్వండి. శ్లోకం ఆ తర్వాత నేర్పొచ్చు.