‘ఎప్పుడు?’ అని అడగండి, ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ తేలిపోతుంది

ఇంగ్లీషు గ్రామర్ గైడ్లలో ప్రెజెంట్ పర్‌ఫెక్ట్‌కి, అంటే ‘ఐ హ్యావ్ ఈటెన్’ లాంటి వాక్యాలకి, ‘నేను తిని యున్నాను’ అని అర్థం వేస్తారు. అలా మాట్లాడే మనిషి ఏ ఊళ్లోనూ దొరకడు. భోజనం అయిందా అంటే ‘తిన్నాను’ అంటాం. పొద్దున ఏం తిన్నావన్నా ‘పెసరట్టు తిన్నాను’ అనే అంటాం. ఇంగ్లీషులో మొదటిది ‘ఐ హ్యావ్ ఈటెన్’, రెండోది ‘ఐ ఏట్ పెసరట్టు’. కాబట్టి తెలుగు క్రియను పట్టుకుని టెన్స్ ఎంచుకుంటే దెబ్బతింటాం. చూడాల్సింది, మన వాక్యం ‘ఎప్పుడు?’ అన్నదానికి జవాబు చెబుతోందా అని.

చెబుతోంది, ఆ సమయం గడిచిపోయింది అంటే ‘ఐ ఏట్’ లాంటి సింపుల్ పాస్టే. ఆఫీసు మెయిళ్లలో తెగ కనిపించే ‘ఐ హ్యావ్ సెంట్ ద ఫైల్ యెస్టర్‌డే’ అందుకే తప్పు. ‘ఐ సెంట్ ద ఫైల్ యెస్టర్‌డే’ అనండి, లేదా యెస్టర్‌డే కొట్టేసి ‘ఐ హ్యావ్ సెంట్ ద ఫైల్’ అనండి. అగో, లాస్ట్ వీక్, ఇన్ 2019 లాంటివీ అంతే. దిస్ వీక్ ఇంకా నడుస్తోంది కనుక దానికి ఇబ్బంది లేదు. దిస్ మార్నింగ్ మాత్రం మధ్యాహ్నం దాటాక గడిచిన సమయం కిందే లెక్క.

మనిషి జీవితానికీ ఇదే లెక్క. గాయని చిత్ర గురించి ‘హ్యాజ్ సంగ్’ అనొచ్చు. 1974లో పోయిన ఘంటసాలకి ‘స్యాంగ్’ అనాలి.

హ్యావ్, హ్యాజ్ తర్వాత క్రియ మూడో రూపమే రావాలి. ‘హ్యాజ్ కేమ్’, ‘హ్యావ్ వెంట్’ అనేవాళ్లు రెండో రూపం దగ్గర ఆగిపోతున్నారు. ‘హ్యాజ్ కమ్’, ‘హ్యావ్ గాన్’ సరైనవి. ‘హీ హ్యాజ్ గాన్ టు విజయవాడ’ అంటే ఇంకా తిరిగి రాలేదు, ‘హ్యాజ్ బీన్ టు’ అంటే వెళ్లొచ్చేశాడు.

ఇంటర్వ్యూల్లో ఎక్కువమంది జారేది ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ దగ్గర. ‘ఐదేళ్లుగా పనిచేస్తున్నాను’ అన్న తెలుగు వర్తమానమే దీని వెనక ఉంది. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అనాలి. ఎంతకాలమో చెబితే ఫర్, ఎప్పట్నుంచో చెబితే సిన్స్: ‘సిన్స్ 2020’. భయపడి ‘ఐ వర్క్‌డ్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అన్నారనుకోండి, ఆ ఉద్యోగం మానేశారనే అర్థం చేసుకుంటారు. ‘తెలుసు’ అనే అర్థమిచ్చే నో క్రియకి ఇంగ్ తగిలించకూడదు, ‘ఐ హ్యావ్ నోన్ హిమ్ సిన్స్ 2010’ చాలు.

హ్యాడ్‌తో వచ్చే పాస్ట్ పర్‌ఫెక్ట్‌ని మనవాళ్లు దర్జా కోసం వాడతారేమో అనిపిస్తుంది. ‘ఐ హ్యాడ్ గాన్ టు తిరుపతి లాస్ట్ వీక్’ అని ఆగిపోతే హ్యాడ్‌కి పనే లేదు, ‘వెంట్’ అంటే సరిపోతుంది. జరిగిపోయిన రెండు పనుల్లో ముందుది ఏదో చూపించడానికే హ్యాడ్: ‘వెన్ వి రీచ్డ్ ద స్టేషన్, ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్’. ఇక్కడ ఉత్త ‘లెఫ్ట్’ అంటే మనం చేరాకే రైలు కదిలిందన్నట్టు వినిపిస్తుంది. బిఫోర్, ఆఫ్టర్ ఉన్నచోట వరస వాటివల్లే తెలుస్తుంది, హ్యాడ్ లేకపోయినా నష్టం లేదు.

ఇక అమెరికా వాళ్ల నోట ‘డిడ్ యు ఈట్ యెట్?’ వింటే కంగారు పడకండి. యెట్, జస్ట్, ఆల్‌రెడీలతో అక్కడ మాటల్లో సింపుల్ పాస్ట్ మామూలే. ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ 2020’ మాత్రం అక్కడా చెల్లదు.