చరిత్ర చదివితే విశ్వాసం పోతుందా?

మా చర్చి సంఘంలో డిగ్రీకొచ్చిన పిల్లలెవరైనా యేసు జీవితం చెప్పే సువార్తలు ఎప్పుడు రాశారు, ఎవరు రాశారు అని అడిగితే పెద్దవాళ్లు ముందు అనే మాట, "అవన్నీ చదివితే విశ్వాసం చల్లారిపోతుందమ్మా" అని. ప్రేమతోనే అంటారు. కానీ అది తప్పని గట్టిగా చెప్పాలనుంది నాకు.

ప్రతి ఆదివారం చర్చిలో చెప్పే విశ్వాస ప్రమాణంలో, యేసుకు సిలువ శిక్ష వేసిన పిలాతు పేరు పలుకుతాం కదా, ఆయన క్రీ.శ. 26 నుంచి 36 వరకు యూదయను ఏలిన రోమా అధికారి, ఆయన పేరు చెక్కిన రాయి 1961లో కైసరయ తవ్వకాల్లో దొరికింది. సువార్త రాసిన లూకా అయితే మొదటి నాలుగు వచనాల్లోనే, కళ్లారా చూసినవాళ్లు చెప్పినవాటిని మొదటినుంచి తరచి చూసి రాస్తున్నానంటాడు. ఆయన చేసిన పనే పిల్లలు చేస్తామంటే ఎందుకు వద్దంటాం?

కష్టమైనవీ ఉన్నాయి. మార్కు 16వ అధ్యాయంలో 9 నుంచి 20 వరకు వచనాలు నాలుగో శతాబ్దపు ముఖ్యమైన రెండు చేతిరాత ప్రతుల్లో, సినాయిటికస్, వాటికానస్‌లలో లేవు. వాటిలో ఆ సువార్త స్త్రీలు భయపడి యేసు సమాధి దగ్గర్నుంచి పారిపోవడంతో ఆగిపోతుంది. ఇది యూట్యూబ్‌లో ఎవరో వెటకారంగా చెబితే పిల్లలు బెదిరిపోతారు, అదే పాస్టర్ గారు యూత్ మీటింగ్‌లో బైబిల్ తెరిచి చెబితే కూర్చుని ఆలోచిస్తారు. పునరుత్థానం, అంటే యేసు చనిపోయి తిరిగి లేవడం, జరిగిందో లేదో చరిత్రకారుడు తన పద్ధతిలో తేల్చలేడు. తొలి శిష్యులు జరిగిందని నమ్మారన్న దాకా వస్తాడు, ఆ తర్వాత నడవాల్సింది మనం.

మన విశాఖ సంగతే చూడండి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున ఇక్కడికొచ్చిన జార్జి క్రాన్, డెస్ గ్రాంజెస్ గురించి ప్రసంగాల్లో వింటాం. వాళ్లతో కూర్చుని సువార్తలను తెలుగు చేయడానికి కష్టపడ్డ ఆనందరాయర్ పేరు ఎంతమందికి తెలుసు? మిషనరీలిద్దరూ 1809లో ఒకరు, 1810లో ఒకరు చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. మన మనిషి పేరు మనకు దక్కిందంటే పాత మిషన్ కాగితాలు ఓపికగా చదివినవాళ్ల వల్లే, దాన్ని విశ్వాసానికి శత్రువు పని అని నేననుకోలేను.

వన్‌టౌన్ వైపు పాత సంఘాల పెద్దలకు ఒక మనవి. బీరువాల్లో ఉన్న బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు చెదలు తినకముందే ఆంధ్రా యూనివర్సిటీలో హిస్టరీ చదువుతున్న మన పిల్లలకు చూపించండి, ఫొటోలు తీసుకోనివ్వండి.