దుబాయి పార్టులు తెమ్మని అడిగే మా వాళ్లకి

సెలవు ఖాయమైందని ఇంటికి ఫోన్ చేస్తే చాలు, లిస్టులు మొదలవుతాయి. ఒకప్పుడు సెంటు సీసాలు, టార్చి లైట్లు, పాలపొడి అడిగేవారు. ఇప్పుడు పెదజాలారిపేటలో ఉన్న మా బావ తన బోటు ఇంజనుకి ఇంపెల్లర్ అడుగుతున్నాడు. కంచరపాలెంలో జనరేటర్లు బాగుచేసే స్నేహితుడు ఇంజనులో పెట్రోలుని గాలితో కలిపే కార్బొరేటర్ అడుగుతున్నాడు. మర్రిపాలెంలో మా వీధి చివర టిఫిన్ సెంటర్ నడిపే ఆయన స్పార్క్ ప్లగ్గులు పట్టుకురమ్మంటాడు. "దుబాయి సరుకు కదా, గట్టిగుంటాది" అనేది అందరి మాట. నేను పనిచేసేది షార్జాలో. అయినా మా విశాఖపట్నం వాళ్లకి అటు వైపున్నదంతా దుబాయే.

అక్కడ నేనుండేది యంత్రాలు అద్దెకిచ్చే ఒక యార్డులో. మట్టిని దిమ్మిస కొట్టే ప్లేట్ కంపాక్టర్లు, పునాది గుంటల్లో నీళ్లు తోడే పంపులు, కాంక్రీటు వైబ్రేటర్లు, చిన్న జనరేటర్లు మా చేతికి వస్తాయి. వీటిలో చాలావాటికి ఉండేది ఒకటే ఇంజను: హోండా జీఎక్స్ 160, లేదంటే దాని కాపీ. 163 సీసీ, 68 మిల్లీమీటర్ల బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు. చైనా కాపీల మీద 168ఎఫ్ అని ఉంటుంది. అందులో 1 అంటే ఒకే సిలిండరు, 68 అంటే బోరు, ఎఫ్ అంటే గాలితో చల్లబడే ఇంజను. బోరు ఒకటే కాబట్టి ఒకదాని పార్టు ఇంకొకదానికి చాలావరకు పట్టేస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. పట్టినంత మాత్రాన అది సరైన పార్టు అయిపోదు.

మా వాళ్లకి ముందుగా చెప్పాల్సింది ఒకటుంది. నాకు తెలిసినంతలో షార్జాలో చిన్న ఇంజన్ల పార్టులు ఎవరూ తయారుచేయరు. అక్కడి షాపుల్లోకి కూడా అవి ఓడల్లో, కంటైనర్లలో వచ్చేవే. విశాఖ కంటైనర్ టెర్మినల్‌లో దిగే సరుకూ చాలాసార్లు షార్జాకి సరుకు పంపే ఊళ్ల నుంచే వస్తుంది. హోండా వాళ్ల అసలు జీఎక్స్ ఇంజన్లు కూడా చాలావరకు థాయిలాండ్‌లో తయారవుతాయి. మన దేశంలో హోండా పంపులు, జనరేటర్లు గ్రేటర్ నోయిడాలో తయారవుతాయి. కాబట్టి డబ్బా మీద దేశం పేరు చూసి మంచీ చెడ్డా తేల్చేయడం కుదరదు. చైనాలోనే చక్కటి పార్టు చేసేవాళ్లున్నారు, అక్కడే రేకు ముక్కని పార్టు అని అమ్మేవాళ్లూ ఉన్నారు. తన పేరు వేసుకుని తక్కువ ధరకి అమ్మే కంపెనీ మీద నాకు గౌరవం ఉంది, ఎందుకంటే పార్టు పాడైతే ఎవరిని అడగాలో తెలుస్తుంది. వేరే వాళ్ల పేరు, వేరే వాళ్ల హోలోగ్రామ్ అచ్చేసుకుని అమ్మేవాడిని మాత్రం నేను క్షమించలేను. వాడి ఖర్చంతా డబ్బా మీదే పెడతాడు, లోపలి సరుకు మీద పెట్టడు.

ఎయిర్ ఫిల్టర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే జనం దాన్ని అసలు పార్టు కిందే లెక్కవేయరు. షార్జాలో గాలిలోనే సన్నటి ఇసుక ఉంటుంది, దానికి తోడు కంపాక్టర్ తాను లేపిన దుమ్ములోనే తాను నడుస్తుంది. ఫిల్టర్‌లో లోపల కాగితం, పైన స్పాంజి ఉంటాయి. కాగితం బాగుందో లేదో లోపల బల్బు పెట్టి చూస్తే తెలుస్తుంది: మడతలు దగ్గరగా, సమానంగా ఉండాలి, ఎక్కడా చుక్కలుగా వెలుతురు రాకూడదు. ఇంతవరకు అందరూ చూస్తారు. కాపీ ఫిల్టర్లు ఎక్కువగా మోసం చేసేది అంచు దగ్గర. కింద ఉండే రబ్బరు అంచు గట్టిగా, కాస్త పొట్టిగా ఉంటుంది. నట్టు బిగించినా కూర్చోదు. కాగితం ఎంత మంచిదైనా దుమ్ము ఆ సందులోంచి నేరుగా లోపలికి పోతుంది. అందుకే కొత్త ఫిల్టర్ వేసి ఒక షిఫ్టు నడిపాక దాన్ని విప్పి, కార్బొరేటర్ నోట్లో తెల్ల గుడ్డ పెట్టి తుడుస్తాను. గుడ్డ మీద దుమ్ము కనిపిస్తే ఆ ఫిల్టర్ పనికిరాదు. దాన్నే ఉంచేస్తే కొన్నాళ్లకే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగి, నూనె కాలి, నీలం పొగ వస్తుంది. అప్పుడు అందరూ ఇంజనుని తిడతారు, ఫిల్టర్ పేరు ఎవరూ ఎత్తరు.

విశాఖలో ఇసుక తుపాన్లు లేవు, నిజమే. కానీ గాజువాక రోడ్డు పక్కన నడిచే జనరేటర్‌కి దుమ్ము తక్కువేమీ కాదు.

ఇక కనెక్టింగ్ రాడ్, అంటే పిస్టన్‌ని క్రాంక్ అనే తిరిగే ఇరుసుకి కలిపే కడ్డీ. ఈ ఇంజన్లలో అది అల్యూమినియంతో ఉంటుంది, దాని కింద నూనెని ఎగజిమ్మే చిన్న రెక్క ఉంటుంది. ఆయిల్ పంపు లేదు. ఆ రెక్క చిమ్మే నూనెతోనే ఇంజను బతుకుతుంది. 50 హెర్ట్జ్ జనరేటర్‌లో ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరగాలి, అంటే సెకనుకి 50. అంత వేగంలో రాడ్ బోల్టు సాగినా, రెక్క విరిగినా ఇంజను బ్లాకులోంచి రాడ్ బయటికి రావచ్చు. ఒక షాపు నుంచి మా యార్డుకి వచ్చిన రాడ్లలో ఒకటి సైటులోనే అలా విరిగి, బ్లాకుకి చిల్లు పడింది. పక్కన పనివాడు ఉన్నాడు, నూనె చింది కాలి మీద పడింది, అంతకు మించి ఏమీ కాలేదు. రాడ్ ముక్కల్ని తెచ్చి చూస్తే విరిగిన చోట లోహం లోపల బుడగలు ఉన్నాయి. పోతపోసేటప్పుడే వచ్చిన లోపం అది. బయట నుంచి ఎంత చూసినా దొరకదు.

అప్పటి నుంచి నా లెక్క ఇది. ఒక పార్టు పోతే దాని ధరతోనే నష్టం ఆగిపోతుందా, లేక ఇంజను మొత్తాన్ని, మనిషినీ లాక్కుపోతుందా అని ముందు చూసుకుంటాను. ట్యాంకు మూత, సైలెన్సర్ కవర్, స్టార్టర్ తాడు లాంటివి కాపీ వేసినా ఫరవాలేదు. రాడ్, క్రాంక్ బేరింగులు, వాల్వులు, ఇంజను వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ పార్టులు మాత్రం కంపెనీవే వేయాలి, బిల్లుతోనే తీసుకోవాలి. ఈ విషయంలో నాతో ఎవరు బేరమాడినా నేను ఒప్పుకోను.

కొన్ని పార్టుల్ని మాత్రం షాపు బల్ల మీదే పట్టుకోవచ్చు. ఈ ఇంజను క్రాంక్‌కి వేసే 6205 బేరింగు లోపల 25, బయట 52, మందం 15 మిల్లీమీటర్లు ఉండాలి. సన్నటి కొలతలు చూపించే వెర్నియర్ పెడితే తేలిపోతుంది. పాత బేరింగులు కడిగి, గ్రీజు పెట్టి, కొత్త డబ్బాలో అమ్మేవాళ్లూ ఉంటారు, అంచుల మీద సన్నటి గీతలు వెతకాలి. అనుమానం వస్తే ఎస్కేఎఫ్ లాంటి కంపెనీలకి ఫోన్ యాప్ ఉంది, ఫోటోలు పంపితే చెప్తారు. స్పార్క్ ప్లగ్గు మీద ఆర్ అక్షరం ఉంటే లోపల రెసిస్టర్ ఉన్నట్టు, మల్టీమీటర్ పెడితే సుమారు 5 కిలో ఓమ్‌లు చూపించాలి. సున్నా చూపిస్తే ఆ ఆర్ ఉత్తి అచ్చే. వాషరు వేళ్లతో తిప్పితే ఊడి చేతికి రాకూడదు, మరలు నున్నగా ఉండాలి.

ప్లగ్గుకి నిప్పురవ్వ కోసం కరెంటు ఇచ్చే కాయిల్ సంగతి వేరు. అది బల్ల మీద దొరకదు. చల్లగా ఉన్నప్పుడు నీలంగా చక్కటి నిప్పురవ్వ ఇస్తుంది. పొద్దున్న స్టార్ట్ అవుతుంది, పదకొండు గంటలకి ఎండలో ఆగిపోతుంది, చల్లబడితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఎండలో పని చేయించకూడదని నియమం ఉంది. ఆ విరామంలో చల్లబడిన యంత్రం మూడింటికి మళ్లీ స్టార్ట్ అవుతుంది కాబట్టి, మెకానిక్కే అబద్ధం చెప్పాడని సైటు వాళ్లు అనుకుంటారు. కొత్త కాయిల్ వేస్తే నేను లోడు మీద ముప్పావు గంట నడిపి, వేడిగా ఉండగానే ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తాను. అక్కడ లేస్తేనే జాబ్ కార్డు, అంటే చేసిన రిపేరు రాసే కాగితం, మీద సంతకం.

ఆ సంతకం మా బతుకు. సైటు నుంచి సూపర్‌వైజర్ అరుస్తుంటాడు, స్టోర్‌లో చవక పార్టు తప్ప వేరేది ఉండదు, "ఇది వేసి పంపించు భాయ్, రేపు చూద్దాం" అంటారు. యంత్రం తిరిగొస్తే కార్డు మీద ఉండేది కొన్నవాడి పేరు కాదు, మెకానిక్ పేరు. కొత్తగా వచ్చిన టెక్కలి, పలాస కుర్రాళ్లు ఈ టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్రపోరు. వీసా రెన్యువల్ గుర్తొస్తుంది, ఇంటి దగ్గర అప్పు గుర్తొస్తుంది. వాళ్లకి నేను చెప్పేదొకటే: స్టోర్ ఇచ్చిన పార్టు కొలిచి, ఆ కొలత కార్డు మీద రాయండి. పార్టు కొలతలో తేడా ఉంటే అదీ రాసి, ఫోర్‌మన్ చేత సంతకం పెట్టించండి. మొదట్లో విసుక్కుంటారు. తర్వాత స్టోర్ వాళ్లే కొనేముందు మనల్ని అడగడం మొదలుపెడతారు. మా యార్డులో అలాగే జరిగింది.

బావ ఇంపెల్లర్ దగ్గరికి వస్తాను. బోటు ఇంజన్లో నీళ్లు తోసి చల్లబరిచే రబ్బరు చక్రం అది. "ఏటి బావా, ఇంత చిన్న సామాను తేలేవా?" అని అడిగాడు. తేలేక కాదు. షార్జాలో గోడౌన్లలో వేసవి వేడి ఎంతుంటుందో నేను చూశాను. అసలైన కంపెనీ రబ్బరు కూడా ఆ వేడిలో ఏళ్ల తరబడి పడుంటే గట్టిపడుతుంది. ఇంపెల్లర్ రెక్కని బొటనవేలితో పూర్తిగా వంచి వదిలితే వెంటనే లేవాలి, వంపు దగ్గర సన్నటి పగుళ్లు రాకూడదు. అది నడిసముద్రంలో చిరిగితే ఇంజను వేడెక్కి పట్టేస్తుంది. తీరం కనిపించని చోట మా బావ, ఇంకో ముగ్గురు. అలాంటి పార్టు ఊరు కాని ఊరి నుంచి తెస్తే, తేడా వచ్చినప్పుడు మార్చి ఇచ్చేవాడు ఎవరు? ఇక్కడే ఆ ఇంజను కంపెనీ డీలర్ దగ్గర కొనిపించాను, కౌంటరు దగ్గరే ప్రతి రెక్కా వంచి చూశాం.

మన ఊళ్లో ఈ సరుకు ఎప్పుడు పెరిగిందో మా వాళ్లందరికీ గుర్తే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది, రోజుల తరబడి కరెంటు లేదు, అపార్ట్‌మెంట్లు, షాపులు దొరికిన జనరేటర్ కొనేశాయి. వాటికి పార్టులు కావాల్సి వచ్చాయి. ఇక్కడ కొనేవాళ్లకి ఒక ఆసరా ఉంది, దాన్ని చాలామంది వాడుకోరు. 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజీ నిబంధనల ప్రకారం, చిల్లరగా అమ్మే దిగుమతి డబ్బా మీద దిగుమతి చేసినవాళ్ల పేరు, చిరునామా, తయారైన దేశం, ఎమ్మార్పీ ఉండాలి. ఆ స్టిక్కర్ లేని డబ్బాని నేను పక్కన పెట్టేస్తాను. వేరొకరి బ్రాండు దొంగగా వేసి అమ్మడం 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం కింద నేరం, ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు పడుతుంది. షాపులో గొడవ పడమని చెప్పడం లేదు. స్టిక్కరు, బిల్లు అడిగితే దొంగ సరుకు అమ్మేవాడు చాలాసార్లు తనే వేరే డబ్బా తీస్తాడు.

ఈ సెలవులో మా మేనల్లుడు టిఫిన్ సెంటర్ ఆయన జనరేటర్ విప్పాడు. కుర్రాడు ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదువుతున్నాడు. రింగుల సెట్ కొత్తది తెచ్చాడు, పిస్టన్‌కి ఎక్కించబోతుంటే ఆపి, ముందు పై రింగుని ఒట్టిగా సిలిండర్లో పెట్టి, పిస్టన్ తలతో కిందికి తోసి, కొసల మధ్య సందు కొలిచే సన్నటి రేకు, ఫీలర్ గేజ్, పెట్టమన్నాను. అక్కడ సుమారు 0.2 నుంచి 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. 0.7 వచ్చింది. "మామయ్యా, బోరు అరిగిందేమో" అన్నాడు. మంచి అనుమానమే. షాపుకి వెళ్లి గేజ్ చూపించి, వేరే కంపెనీ సెట్ మార్చి తెచ్చాడు. అదే సిలిండర్లో, అదే చోట 0.35 వచ్చింది. కింద బల్బు పెట్టి చూస్తే రింగు చుట్టూ ఎక్కడా వెలుతురు లేదు. రింగు మీద గుర్తున్న వైపు పైకి ఉండేలా తనే ఎక్కించాడు. మొదటి సెట్ డబ్బా మీద జపాన్ అని ఉంది. రెండోదాని మీద చైనా అని, కింద చెన్నై దిగుమతిదారు చిరునామా ఉన్నాయి.