సుంకి ఘాట్‌కి సరిపడే స్ప్రింగులు, షాకులు

ఒడిశాలోని జయపురంలో గానీ కోరాపుట్‌లో గానీ నా ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ పక్కన కారు ఆపిన కుర్రాళ్ళు మొదట అడిగేది ఒకటే: "ఎంత దించావన్నా?" ఇరవై మిల్లీమీటర్లా, ముప్పయ్యా, నలభయ్యా? లోయరింగ్ స్ప్రింగులు, అంటే కారు ఎత్తు తగ్గించే పొట్టి స్ప్రింగులు కొనేవాళ్ళలో చాలామంది ఆ ఒక్క అంకె చూసే కొనేస్తున్నారు. నా ఉద్దేశంలో అసలు చూడాల్సింది వేరే. కారు దిగాక, చక్రం పైకి లేవడానికి ఇంకా ఎంత జాగా మిగిలింది? ఆ మిగిలిన జాగాలో దెబ్బని ఆపగలిగే షాక్ అబ్జార్బర్ ఏది? ఈ రెండూ తేలాకే స్ప్రింగుల సంగతి.

నాది మందుల హోల్‌సేల్ వ్యాపారం. జయపురం నుంచి కోరాపుట్, పొట్టంగి, ఆంధ్రా సరిహద్దు దగ్గరి సుంకి ఘాట్ మీదుగా సాలూరు దిగి, విజయనగరం, వైజాగ్ వెళ్ళి రావడం నా వారం వారం పని. కారు పోలో జీటీ టీఎస్ఐ, 1.2 లీటర్ టర్బో, 105 పీఎస్, ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్. ఇంజన్‌కి వంక పెట్టలేను. కానీ సుంకి దగ్గర వరస మలుపుల్లో బాడీ ఒక పక్కకి ఒరిగి, సర్దుకునేలోపే రెండో పక్కకి తిప్పాల్సి వస్తుంది. బరువు లారీలు తిరిగి తిరిగి తారు అలలు దేరిన చోట బ్రేక్ నొక్కితే ముందు భాగం రెండుసార్లు ఊగేది. కారు అందం గురించి కాదు, ఆ ఊపు పోవాలనే నేను ఈ పనికి పూనుకున్నాను.

ఏదీ కొనకముందు ఒక కొలత తీసుకోండి, పది రూపాయల ఖర్చు కూడా లేదు. ముందు చక్రం స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ కలిసి ఉండే భాగం) మీద దుమ్ము పడకుండా ఉండే రబ్బరు తొడుగుని పైకి జరిపితే మెరుస్తున్న రాడ్ కనిపిస్తుంది. కారు చక్రాల మీద నిలబడి ఉండగా ఆ రాడ్‌కి ఒక సన్నని కేబుల్ టై బిగించి, కింద స్ట్రట్ గొట్టం అంచుకి ఆనేలా దించండి. రోజూ వెళ్ళే దారిలో, రోజూ వేసే బరువుతో వెళ్ళి రండి. గుంటలో పడినప్పుడల్లా గొట్టం పైకి లేచి టైని తోస్తుంది, టై అక్కడే ఉండిపోతుంది. తిరిగొచ్చాక గొట్టానికీ టైకీ మధ్య ఖాళీ కొలిస్తే, మీ దారి మీ కారు సస్పెన్షన్ ప్రయాణం (చక్రం పైకి కదిలే దూరం) ఎంత వాడుకుంటోందో తెలిసిపోతుంది. నాకు సుంకి దిగి ఎక్కి వచ్చాక 45 మిల్లీమీటర్లు వచ్చింది. అది చూశాక 40 దించే స్ప్రింగుల ఆలోచన అక్కడికక్కడే మానుకున్నాను.

ఎందుకో లెక్క చెప్తాను. నిలబడి ఉన్న స్థితి నుంచి పైకి 70 మిల్లీమీటర్ల జాగా ఉందనుకుందాం. 30 దించితే మిగిలేది 40. స్ప్రింగ్ దాచుకునే శక్తి ప్రయాణం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, అదే దెబ్బని 40లో ఆపాలంటే స్ప్రింగ్ దాదాపు మూడు రెట్లు గట్టిగా ఉండాలి. షాక్ కొంత శక్తిని మింగుతుంది, ఒప్పుకుంటాను. అయినా బజారులో దొరికే లోయరింగ్ స్ప్రింగులు కంపెనీవాటికన్నా మహా అయితే పాతిక, ముప్పై శాతం గట్టిగా ఉంటాయి. మిగతా దెబ్బ ఎవరు తీసుకుంటున్నట్టు? బంప్ స్టాప్ (ప్రయాణం చివర అడ్డంగా ఉండే రబ్బరు), ఆ తర్వాత స్ట్రట్ మౌంట్ (స్ట్రట్‌ని బాడీకి పట్టి ఉంచే భాగం), ఆ పైన బాడీ రేకు. అదే కారుని 20 మాత్రమే దించితే మిగిలేది 50, అవసరమయ్యే గట్టిదనం రెండు రెట్లకి దిగుతుంది. ఆ పది మిల్లీమీటర్లు కంటికి ఆనవు గానీ నడుముకి తెలుస్తాయి.

సాలూరులో మా మావయ్య లారీ కమానులు కట్టించడంలోనే జీవితం గడిపాడు. నా కారు కింద దూరి చూసి, "బండి ఎంత దిగిందని కాదురా, ఇంకెంత దిగగలదో చూసుకో. రబ్బరుకి తగిలిందంటే ఆ బరువు చాసిస్ మోస్తాది" అన్నాడు. నేను పైన కాగితం మీద చేసిన లెక్క ఆయన చేత్తో తడిమి చెప్పేశాడు.

ఇక షాకుల సంగతి. స్ప్రింగ్ గట్టిబడితే దాన్ని అదుపు చేసే పట్టు కూడా పెరగాలి. అది వర్గమూలం లెక్కన పెరుగుతుంది: స్ప్రింగ్ 25 శాతం గట్టిదైతే షాక్‌కి సుమారు 12 శాతం ఎక్కువ పట్టు కావాలి. పన్నెండే కదా, పాత షాకులతో నెట్టుకొద్దాం అనిపిస్తుంది. మన ఘాట్లలో కొన్నేళ్ళు తిరిగిన షాక్ అప్పటికే బలం తగ్గి ఉంటుందని మర్చిపోవద్దు. కొత్త స్ప్రింగ్ వచ్చి ఆ లోటుని ఇంకా పెద్దది చేస్తుంది. కొత్తలో బాగానే ఉన్న కారు కొన్నాళ్ళకి బంతిలా గెంతడం మొదలుపెట్టిందంటే కారణం ఎక్కువగా ఇదే.

పొడవు ఇంకో సమస్య. పొట్టి స్ప్రింగ్‌కి పాత పొడుగు షాక్ ఉంచితే, చక్రం గాల్లో వేలాడినప్పుడు స్ప్రింగ్ తన సీటులో వదులయ్యే ప్రమాదం ఉంది. పైగా పిస్టన్ ఎప్పుడూ గొట్టంలో కిందికే పనిచేస్తుంది. బిల్‌స్టీన్ అనే షాకుల కంపెనీ వాళ్ళ బీ6కీ బీ8కీ తేడా ఇక్కడే: బీ6 కంపెనీ ఎత్తు కార్ల కోసం, బీ8 దించిన కార్ల కోసం పొట్టిగా చేసింది. రెండూ మోనోట్యూబ్ రకం. ఒకటే గొట్టం, అందులో నూనె, దాన్ని అదిమి ఉంచే గ్యాస్. నూనె తాకే గొట్టానికి నేరుగా గాలి తగులుతుంది కాబట్టి వేడి త్వరగా బయటికి పోతుంది, గ్యాస్ ఒత్తిడి వల్ల నూనె తొందరగా నురగ కట్టదు. ఆపకుండా ఎగుడుదిగుడు ఘాట్ దిగేవాళ్ళకి ఇది ఉపయోగపడే గుణం. నేను ఐబాక్ కంపెనీ ప్రో-కిట్ లోయరింగ్ స్ప్రింగులు, బీ8 షాకులు కలిపి పెట్టించాను. ఈ రెంటి జోడీనే బీ12 పేరుతో ఒకే పెట్టెలో అమ్ముతారు. మెత్తదనం ఎక్కువ కావాలనుకునేవాళ్ళు కోనీ కంపెనీ స్పెషల్ యాక్టివ్ షాకులు చూడండి. చిన్న చిన్న వేగమైన అదురులకి అది వదులుతుంది, బాడీ నెమ్మదిగా ఊగితే పట్టుకుంటుంది.

కేటలాగ్‌లో "30 మి.మీ. తగ్గుదల" అని ఉంటే అది యూరప్ కారుతో పోల్చి రాసిన అంకె. మనకి అమ్మిన పోలోని ఇక్కడి రోడ్ల కోసం ముందే ఎత్తు పెంచారు. అక్కడి స్ప్రింగ్ ఇక్కడ పెడితే ఇంకా ఎక్కువ దిగొచ్చు. అందుకే అమ్మేవాడి అంకెని నమ్మకుండా, చక్రం నడిమధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు వైపులా ముందే కొలిచి రాసిపెట్టుకోండి. కొన్ని వారాలకి స్ప్రింగులు ఇంకాస్త కూర్చుంటాయి, అప్పుడు మళ్ళీ కొలవాలి. స్ప్రింగ్‌కి రాసి ఉన్న ఇరుసు బరువు పరిమితి కూడా మీ ఇంజన్, గేర్‌బాక్స్‌కి సరిపోవాలి.

స్పీడ్ బ్రేకర్లంటే అందరికీ టెన్షన్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం కట్టిన బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. అంత వెడల్పు ఉంటే పోలో ముందు, వెనక చక్రాల మధ్య పొడుచుకొచ్చేది ఐదు సెంటీమీటర్ల లోపే, దించిన కారు కూడా హాయిగా దాటుతుంది. ఇబ్బందంతా ఊరివాళ్ళు సిమెంటుతో పోసుకున్న ఇరుకు దిబ్బలతోనే. పిల్లలు దాటే చోట వాళ్ళు పోసుకున్నారు, తప్పు పట్టను. ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కిస్తూ దాటుతాను.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడాల్సినది ఒకటుంది. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి పట్టుకునే చేయి) రబ్బరు బుష్‌ల బోల్టులు, వెనక ఇరుసు బుష్‌ల బోల్టులు కారు లిఫ్ట్ మీద వేలాడుతుండగా ఫైనల్‌గా బిగించకూడదు. చక్రాలు నేలమీద ఆని, బరువు పడ్డాకే బిగించాలి. లేకపోతే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, కొన్ని నెలల్లో చీలుతుంది. ఒక వర్క్‌షాప్‌లో "అంత అవసరం లేదు సార్" అన్నారు. కారు తీసుకుని వేరే చోటికి వెళ్ళిపోయాను. స్ట్రట్ మౌంట్లు, బేరింగులు, బంప్ స్టాపులు అన్నీ కొత్తవి వేయించండి, ఎలాగూ విప్పుతున్నారు కదా. తర్వాత ఎలైన్‌మెంట్. ముందు చక్రాల టో (చక్రాలు లోపలికి గానీ బయటికి గానీ తిరిగి ఉండే కోణం) సర్దుతారు. వెనక ఇరుసుకి మామూలుగా సర్దే మార్గం లేదు, రిపోర్టులో అంకెలు హద్దులో ఉన్నాయో లేదో చూసుకోవాలి. హెడ్‌లైట్లు కూడా సరిచేయించండి.

చట్టం సంగతి దాటెయ్యను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మార్పుల గురించే. తయారీదారు ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టంగా చెప్పింది. ఆర్టీవోలో అడిగి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి ఆ తర్వాతే పని మొదలుపెట్టండి. పాత భాగాలు అమ్ముకోవద్దు.

రాయగడ నుంచి ఒక తమ్ముడు అడిగాడు: వెనక సీటు మడిచి ఎప్పుడూ సరుకు వేస్తాడట, వారానికోసారి గుణుపూర్ వెళ్తాడట, ఏ స్ప్రింగ్ కొనాలి అని. తమ్ముడూ, నువ్వు స్ప్రింగుల జోలికి వెళ్ళకు. కంపెనీ స్ప్రింగులే ఉంచి నాలుగు బీ6లు వేయించు. కేబుల్ టై మాత్రం ముందు కట్టు, సరుకుతో ఒకసారి, సరుకు లేకుండా ఒకసారి. ఆ రెండు అంకెలూ నాకు పంపితే మిగతాది మాట్లాడుకుందాం.