పన్నెండున్నరకు ఆగిన టెండరు

ఫిబ్రవరి చివరి వారం, మంగళవారం రాత్రి

బాపు ఈ రాత్రి మార్కెట్ యార్డులోనే పడుకున్నాడు. పసుపు అమ్ముడుపోలేదు. రేటు వచ్చింది కానీ బాపు ఒప్పుకోలేదు. ఆ రేటు వచ్చిన తీరు గురించే రాయాలని కూర్చున్నాను. ఏ యార్డో రాయను. అక్కడ పనిచేసేవాళ్లలో తెలిసినవాళ్లున్నారు, పాపం వాళ్లు కూడా మాతో పాటు ఎండలో అటూ ఇటూ తిరిగినవాళ్లే.

పొద్దున ఆరు దాటకముందే హమాలీలు బస్తాలు విప్పి షెడ్డులో కుప్ప పోశారు. గేటు దగ్గర మా కుప్పకు (లాట్‌కు) ఇచ్చిన నంబరు చీటీ బాపు జేబులో పెట్టుకున్నాడు. ఎనిమిది నుంచి ఖరీదుదారులు, వాళ్ల గుమాస్తాలు వరసగా వచ్చి చూశారు. పైపైన చూసి పోయేవాళ్లు కాదు. కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి పిడికెడు తీస్తారు. ఒక కొమ్ము రెండు చేతులతో పట్టుకుని విరుస్తారు. బాగా ఎండితే టక్కుమని విరిగి లోపల నారింజ రంగు కనిపిస్తుంది. తేమ ఉంటే ఆ చప్పుడు రాదు. మాది ఈసారి బాగా ఎండింది. ఒకతను రెండు కొమ్ములు విరిచి, ఇంకొకటి జేబులో వేసుకుని, లాట్ నంబరు ఫోన్‌లో ఎక్కించుకుని పోయాడు. తొమ్మిది నెలల పంట, ఆ మీద ఉడకబెట్టడం, ఎండబెట్టడం, పాలిష్ పట్టించడం. అంత పనీ ఆ టక్కుమన్న చప్పుడులో తేలిపోతుంది.

చూడటం పొద్దున, ఎక్కువమంది రేటు కొట్టడం మధ్యాహ్నం, అదీ ఫోన్‌లో ఆన్‌లైన్‌గా. టెండరు ఒంటిగంటకు మూస్తారు. ఎవరు ఎంత కొట్టారో అప్పటిదాకా ఎవరికీ కనిపించదు. ఈలోగా ఖరీదుదారులు పెద్ద పసుపు మార్కెట్లున్న సాంగ్లీకి, ఈరోడ్‌కు ఫోన్లు చేసుకుంటారు. అక్కడ ఇవాళ ఎంత నడుస్తోందో కనుక్కుని, తమ దగ్గర డబ్బెంతుందో చూసుకుని, చివరి అరగంటలో రేట్లు ఎక్కిస్తారు. అందుకే పన్నెండున్నర వేళకు కంప్యూటర్‌లో ఉండే రేట్లు చాలా తక్కువ. ఇవాళ సరిగ్గా ఆ వేళకే సిస్టం ఆగిపోయింది. అరగంటే కదా అంటారు గానీ, ఆ అరగంటే అసలు వేలం.

మా షెడ్డు పక్కనే ఒక కుర్ర ఖరీదుదారు నిలబడి ఉన్నాడు. ఈ మధ్యనే లైసెన్సు తీసుకున్నాడట. ఫోన్ బాపుకు చూపించాడు. తెర మీద గుండ్రంగా తిరుగుతోంది, అంతే. "కాకా, మీ లాట్‌కు నేను కొట్టిన. ఎక్కిందో లేదో తెలుస్తలేదు" అన్నాడు. ఎంత కొట్టావని బాపు అడగలేదు, అతనూ చెప్పలేదు. ఆ మర్యాద నాకు నచ్చింది.

తర్వాత రెండు గంటలు ఒకటే టెన్షన్. పొద్దున్నే రేట్లు కొట్టేసిన ఇద్దరు ముగ్గురు, టైంకు కొట్టినవి కొట్టినట్టే తెరవమన్నారు. కొట్టలేకపోయినవాళ్లు టైం పెంచమన్నారు. కొందరు రైతులు టెండరే రద్దు చెయ్యమన్నారు, కొందరేమో పాత పద్ధతిలో చీటీలు రాసి డబ్బాలో వెయ్యమన్నారు. ఆఫీసులో మాత్రం ఒకరు ఫోన్ పట్టుకుని "చూస్తున్నామంటున్నారు" అని అదే మాట చెబుతూ వచ్చారు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో కాగితం ఏదైనా ఉందా అని అడిగాను. లేదు. ఎప్పటికప్పుడు చూసుకుంటామన్నారు.

రెండున్నర దాటాక సిస్టం వచ్చింది. పదిహేను నిమిషాలు ఇస్తున్నామని మైకులో చెప్పారు. అప్పటికే సగం మంది ఖరీదుదారులు భోజనాలకు, దుకాణాలకు వెళ్లిపోయారు. వాళ్లకు మైకు ఎలా వినిపిస్తుంది? మా లాట్‌కు వచ్చినవి రెండే రేట్లు. నిన్న మా ఊరివాళ్ల కుప్ప, ఇంచుమించు ఇలాంటిదే, క్వింటాలు 12,400కు పోయింది. ఇవాళ మాకు పడింది 11,150. సాంగ్లీలో ఏమైనా పడిపోయిందేమోనని మా సరుకు అమ్మిపెట్టే అడత్ సేట్‌ను అడిగాను. నిన్నటిలాగే ఉందన్నాడు. ఆ కుర్ర ఖరీదుదారు రేటు ఎక్కనే లేదు. అప్పుడు చెప్పాడు, తను కొట్టింది 12,200 అని. నిరూపించుకోవడానికి అతని దగ్గర ఏమీ లేదు. కొనాలనుకున్నవాడికి సరుకు దొరకలేదు, అమ్మాలనుకున్నవాడికి ధర దొరకలేదు, ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఉన్నారు.

రేటు నచ్చకపోతే వద్దనే హక్కు రైతుకు ఉంది, నిజమే. ఆ హక్కు వాడుకోవాలంటే రాత్రి కాపలా ఉండాలి, పసుపు మళ్లీ బస్తాలకెత్తి పొద్దున మళ్లీ కుప్ప పోయించాలి, హమాలీ ఖర్చు మళ్లీ పెట్టుకోవాలి. మంచు పడితే కొమ్ము మెత్తబడుతుంది. ట్రాలీ కిరాయికి తెచ్చుకున్న పక్క కుప్ప ఆయన మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. బాపు మాత్రం "నువ్వు ఇంటికి పో బిడ్డా, నేను ఉంట" అన్నాడు.

బస్సులో వస్తూ అందరి వైపు నుంచీ ఆలోచించాను. మా లాట్‌కు 11,150 కొట్టిన ఖరీదుదారు మీద నాకు కోపం లేదు. ఆయన పదిన్నరకే, ఎవరు ఎంత వేస్తారో తెలియకుండా, నిజాయితీగా రేటు కొట్టాడు. ఈ లాట్ కోసం డబ్బు పక్కన పెట్టుకుని ఇంకో లాట్ వదులుకుని ఉంటాడు. అంతా రద్దంటే ఆయనకు అన్యాయం. అలాగని ఊరికే టైం పెంచితే ఇంకో చిక్కు. ఆ రెండు గంటలూ టీ కొట్టు దగ్గర ఎవరెవరు ఏ లాట్‌కు ఎంత వేశారో మాటల్లో బయటపడిపోయింది. ముందు కొట్టినవాడు చీకట్లో కొట్టాడు, తర్వాత కొట్టినవాడు వెలుతురులో కొట్టాడు. టైం పెంచితే పాత రేటును మార్చుకునే వీలు మొదటివాళ్లకూ ఉండాలి. ఇవాళ అది ఇవ్వలేదు.

అన్నిటికంటే నన్ను కుదురుగా ఉండనివ్వనిది వేరే. సిస్టం ఆగిన తర్వాత ఎవరు ఏ పరిష్కారం చెప్పినా, అందులో ఎవరికి లాభమో అందరికీ తెలిసిపోతుంది. ఆఫీసువాళ్లు ఎంత మంచి మనసుతో చెప్పినా, ఫలానావాళ్ల వైపు మొగ్గారనే మాట పడుతుంది. సిస్టం ఆగకముందే నియమం రాసుకుంటే, ఏ రోజు ఎవరు నష్టపోతారో ఎవరికీ తెలియదు కాబట్టి అందరూ న్యాయంగానే రాస్తారు.

ఇది కొత్త సమస్య కూడా కాదు. 1999 జూన్‌లో అమెరికాలో ఈబే వేలం సైటు దాదాపు 22 గంటలు ఆగిపోయింది. ఆ కంపెనీ అమ్మకందారుల రుసుములు వెనక్కి ఇచ్చింది, దాని వల్ల 30 లక్షల నుంచి 50 లక్షల డాలర్ల ఆదాయం తగ్గుతుందని ప్రకటించింది. సైటు గంటల తరబడి ఆగితే ఆ వేళకు ముగియవలసిన వేలాలను 24 గంటలు పొడిగించే నియమం కూడా దానికి ఉండేది. 24 గంటలు అనడంలో నాకు తెలివి కనిపించింది. వేలం మర్నాడు అదే వేళకు ముగుస్తుంది, కొనేవాళ్లు తీరిగ్గా ఉండే వేళ తప్పిపోదు. మా పదిహేను నిమిషాల్లో లేనిది అదే.

మన దేశంలోనే ఇంకొకటి ఉంది. 2021 ఫిబ్రవరి 24న ఎన్ఎస్ఈ అనే షేర్ మార్కెట్‌లో ట్రేడింగ్ పొద్దున 11:40కి ఆగింది. మూడున్నరకు మార్కెట్ మూసేస్తారు కదా అని ఖాతాదారుల తరఫున షేర్లు కొని అమ్మే కొన్ని బ్రోకరేజీలు వాళ్ల తెరిచి ఉన్న బేరాలను (పొజిషన్లను) ముందే ముగించేశాయి. తీరా చూస్తే 3:45కి మళ్లీ తెరిచి 5 గంటల దాకా నడిపారు. పొడిగింపు మాట ఆలస్యంగా తెలియడం వల్ల నష్టపోయినవాళ్లు ఎందరో. ఆ తర్వాత 2023 జనవరిలో నియమం వచ్చింది. ట్రేడింగ్ ఆగితే పదిహేను నిమిషాల్లోపు అందరికీ తెలియజెయ్యాలి. మూసే వేళకు గంట ముందైనా సరికాకపోతే ఆ రోజు గంటన్నర పొడిగించాలి. అందరికీ ముందే తెలిసిన లెక్క. షేర్లు కొనేవాళ్లకు రాసిపెట్టింది పసుపు అమ్మేవాళ్లకు ఎందుకు రాసిపెట్టరు? పసుపు కుప్పకు మరీ అవసరం. షేరు మంచుకు తడవదు.

ఆన్‌లైన్ వద్దని నేను అనను. చీటీలు, డబ్బాలు ఉన్న రోజుల్లో ఖరీదుదారులు మాట్లాడుకుని రేటు తొక్కేసేవారని బాపు చెబుతూనే ఉంటాడు. ఇవాళ కూడా చీటీలు వద్దని ముందు లేచింది ఆయనే.

రాత్రి అన్నం తిన్నాక మార్కెట్ కమిటీకి ఒక అర్జీ రాశాను. రేటు కొట్టగానే ప్రతి ఖరీదుదారు ఫోన్‌కు టైంతో సహా ఒక రసీదు నంబరు రావాలి. సిస్టం ఆగితే ఎంత సేపు ఆగిందో అంత సేపు, కనీసం గంట, పొడిగించాలి. ఆ సంగతి మైకులో చెప్పి వదిలెయ్యకుండా లైసెన్సున్న ప్రతివాళ్ల ఫోన్‌కు మెసేజ్ పంపాలి. ఆ వ్యవధిలో అందరూ తమ రేటు మార్చుకోవచ్చు. నాలుగైనా సిస్టం రాకపోతే ఆ రోజు టెండరు మర్నాటికి వాయిదా, అప్పుడు రైతుకు రెండోసారి హమాలీ ఖర్చు కమిటీ ఇవ్వాలి, సరుకు గోదాములో పెట్టుకోనివ్వాలి. మా దగ్గర మార్కెట్ ఫీజు తీసుకోరు, ఖరీదుదారుల దగ్గర తీసుకుంటారు. ఆ డబ్బులోంచి ఈపాటి ఖర్చు పెట్టడం పెద్ద కోరికేమీ కాదు.

బాపుకు ఫోన్ చేసి చదివి వినిపించాను. గోదాము మాట మొదట రాయమన్నాడు, అదొకటి మార్చాను. ఆ కుర్ర ఖరీదుదారు కూడా సంతకం పెడతానన్నాడట. పొద్దున మొదటి బస్సుకు వెళ్లాలి, దారిలో రెండు కాపీలు జిరాక్స్ తీయించాలి.